అరుదైతే చాలా? అమెరికన్ ప్యాటర్న్ కాయిన్స్ మీద నా వాదన

19వ శతాబ్దపు అమెరికన్ ప్యాటర్న్ కాయిన్స్ పోగుచేసేవాళ్ల మధ్య కాసేపు కూర్చుంటే వినపడేదంతా అంకెలే. ఇది ఆర్-7 అండి, అది ఆర్-8, దీనివి ప్రపంచం మొత్తంలో మూడే ఉన్నాయట. ఆర్-8 అంటే ఇప్పటికి తెలిసినవి రెండో మూడో, ఆర్-7 అంటే నాలుగు నుంచి పన్నెండు, ఆర్-6 అంటే పదమూడు నుంచి ముప్పై దాకా, ఇలా ఒక స్కేల్ ఉంది, రేట్లన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. నాకు ఈ లెక్కతోనే పేచీ. వీటిలో చాలా నాణేలు కాలక్రమంలో పోగా మిగిలినవి కావు, అరుదుగా ఉండాలనే ఉద్దేశంతో మొదటే కొన్ని కొట్టి ఆపేసినవి, ఆ పని చేసింది కూడా బయటివాళ్లెవరో కాదు, ఫిలడెల్ఫియా టంకశాలలో కూర్చున్న పెద్దమనుషులే. అలా తయారుచేసిన అరుదుతనానికి డబ్బు పోయడం నాకు అస్సలు నచ్చదు, ఎందుకు నచ్చదో కాస్త వివరంగానే రాస్తాను.

ప్యాటర్న్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. కొత్త నాణెం చలామణిలోకి వదిలే ముందు మింట్ వాళ్లు, అంటే టంకశాల వాళ్లు, డిజైన్ ఎలా వస్తుందో, లోహం ఎలా పడుతుందో, సైజు చేతికి ఎలా ఉంటుందో చూసుకోడానికి కొన్ని శాంపిల్స్ కొడతారు. ఆ శాంపిలే ప్యాటర్న్. కొన్ని తర్వాత నిజం నాణేలయ్యాయి, ఎక్కువ భాగం అక్కడితోనే ఆగిపోయాయి. ఆగిపోయినవాటిలోనే నాకు మజా, ఎందుకంటే ఒక దేశం ఏమేం అనుకుని మానేసిందో అందులో కనపడుతుంది.

నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1863 నాటి రెండు సెంట్ల కంచు నాణెం. పెద్ద అరుదేం కాదు, ఆక్షన్లలో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఒకవైపు డాలు, దాని వెనక అడ్డంగా పెట్టిన బాణాలు, పైన రిబ్బన్, ఆ రిబ్బన్ మీద అక్షరాలు: గాడ్ అవర్ ట్రస్ట్. ఇప్పుడు మీ జేబులో ఉన్న ఏ అమెరికన్ నాణెం మీదైనా ఉండేది ఇన్ గాడ్ వి ట్రస్ట్ కదా, మరి దీని మీద ఇలా ఎందుకుంది?

అంతర్యుద్ధం మొదలైన ఏడాది, 1861 నవంబర్ 13న, పెన్సిల్వేనియాలో రిడ్లీవిల్ అనే ఊళ్లో వాట్కిన్సన్ అనే పాస్టర్ ట్రెజరీ సెక్రటరీ, అంటే ఆర్థికమంత్రి, శామన్ చేజ్‌కి ఉత్తరం రాశాడు. మన నాణేల మీద దేవుడి పేరు ఎక్కడా లేదు, రేపు ఈ దేశం ముక్కలైపోతే వందల ఏళ్ల తర్వాత తవ్వకాల్లో ఈ నాణేలు చూసినవాళ్లు మనల్ని దేవుణ్ణి ఎరగని జనం అనుకోరా, అని ఆయన బాధ. చేజ్ వారానికే మింట్ డైరెక్టర్ జేమ్స్ పొలాక్‌కి ఒక మంచి మోటో, అంటే నాణెం మీద వేసే నినాదం, తయారుచెయ్యమని రాశాడు. అయితే 1837 చట్టం ప్రకారం నాణేల మీద ఏమేం ఉండాలో ముందే రాసిపెట్టి ఉంది, కొత్త మాట చేర్చాలంటే కాంగ్రెస్ ఒప్పుకోవాలి, అలా రెండేళ్లు సాగింది. చివరికి 1863లో పొలాక్ రెండు రకాల రెండు సెంట్ల ప్యాటర్న్స్ ముందు పెట్టాడు. ఒకదాని మీద వాషింగ్టన్ తల, గాడ్ అండ్ అవర్ కంట్రీ అని. రెండోదాని మీద డాలు, గాడ్ అవర్ ట్రస్ట్ అని. డిసెంబర్ 9న చేజ్ జవాబు రాస్తూ, వాషింగ్టన్ ఉన్నదాన్ని అవర్ గాడ్ అండ్ అవర్ కంట్రీ అని మార్చండి, డాలు ఉన్నదాన్ని ఇన్ గాడ్ వి ట్రస్ట్ అని మార్చండి అన్నాడు. 1864 ఏప్రిల్ 22న చట్టం వచ్చింది, డాలు ఉన్నదే నాణెం అయింది, చేజ్ దిద్దిన ఆ నాలుగు మాటలు ఈరోజుకీ అలాగే ఉన్నాయి.

అంటే నా చేతిలో ఉన్నది ఆ దిద్దుబాటుకి ముందటి ప్రతి. దేశం తల్లకిందులైపోతున్న టైమ్‌లో ఒక చిన్న ఊరి పాస్టర్ దిగులు, ఒక మంత్రి కలం, ఒక ఎన్‌గ్రేవర్ ఉలి, మూడూ ఈ గోధుమరంగు రాగి ముక్క మీద కలిశాయి. దీనికి ఆర్-8 అన్న ముద్ర లేకపోతే మాత్రం ఏం తక్కువ?

ఇప్పుడు రెండోరకం చూడండి. యుద్ధం వల్ల జనం వెండి దాచేసుకున్నారు, చిల్లర మాయమైపోయింది, ప్రభుత్వం మూడు సెంట్లకి, ఐదు సెంట్లకి, పది సెంట్లకి కూడా కాగితం నోట్లు అచ్చేసింది. ఆ చిరుగుల నోట్లని వెనక్కి తీసుకుని బదులుగా కాస్త తక్కువ బరువున్న వెండి చిల్లర ఇస్తే ఎలా ఉంటుందని 1869లో స్టాండర్డ్ సిల్వర్ అని ఒక ప్యాటర్న్ సిరీస్ చేశారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఏం చేశారో చూడండి. డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ (పాతిక సెంట్లు), హాఫ్ డాలర్, మూడు విలువలు. ఒక్కోదానికి మూడు రకాల లిబర్టీ తలలు, లిబర్టీ అంటే స్వేచ్ఛకి గుర్తుగా వేసే స్త్రీ బొమ్మ. అక్కడితో తొమ్మిది, సరే, తలల్లో ఏది బావుందో చూసుకోవాలి కదా. తర్వాత ఆ తొమ్మిదినీ వెండిలో, రాగిలో, అల్యూమినియంలో కొట్టారు. మళ్లీ ఒక్కోదాన్ని అంచు గీతలతో ఒకసారి, నున్నటి అంచుతో ఒకసారి. మొత్తం 54 రకాలు! ఒకే చీరని బోర్డర్ మార్చి మార్చి అమ్మినట్టు. హాఫ్ డాలర్‌ని అల్యూమినియంలో, అదీ నున్నటి అంచుతో, చలామణిలో పెడదామని ఆ రోజు ఆ బిల్డింగ్‌లో ఎవరైనా అనుకున్నారా? అనుకోలేదు. అవి కలెక్టర్లకి సెట్లుగా అమ్మడానికి కొట్టినవి. ఇవాళ క్యాటలాగ్‌లో మాత్రం ఆ 54కీ 54 నంబర్లు ఉన్నాయి, వెండిలో గీతల అంచుతో ఉన్న అసలు ప్రయోగం కన్నా అల్యూమినియంది అరుదు కాబట్టి రేటు ఎక్కువ పలుకుతుంది.

ఒక కాయిన్ షోలో ఒక డీలర్ నాకు అలాంటి అల్యూమినియం హాఫ్ డాలర్ చేతికిచ్చి చూడమన్నాడు. ప్లాస్టిక్ స్లాబ్‌లో సీల్ చేసి ఉంది, అయినా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది, లోపల ఏమీ లేనట్టు తేలిగ్గా ఉంటుంది. అందంగా ఉందా అంటే చాలా అందంగా ఉంది, అద్దంలా మెరుస్తోంది, తెల్లగా, ఎక్కడా మచ్చ లేదు. దానికి చెప్పిన రేటులో నా రెండు సెంట్ల నాణెం లాంటివి ఇంకో రెండు కొనుక్కోవచ్చు. నేను దాన్ని తిరిగి ఇచ్చేశాను.

అల్యూమినియం విషయంలో ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. 1860ల్లో అది ఇప్పటిలా గిన్నెల లోహం కాదు, ఖనిజం నుంచి విడదీయడం బాగా ఖర్చు, చవకగా తీసే పద్ధతి 1886 దాకా రాలేదు, 1884లో వాషింగ్టన్ మాన్యుమెంట్ శిఖరం మీద వంద ఔన్సుల అల్యూమినియం ముక్క పెట్టారంటే అది గొప్ప కోసమే. కాబట్టి మొదట్లో ఒకటి రెండు డిజైన్లని అల్యూమినియంలో కొట్టి చూడటం నిజమైన ప్రయోగమే అని నేనూ ఒప్పుకుంటాను. కానీ తర్వాత ఏ డై (నాణెం మీద బొమ్మ పడేలా కొట్టే అచ్చు) కనపడితే ఆ డైతో అల్యూమినియం ముక్క ఒకటి నొక్కడం ప్రయోగం ఎలా అవుతుంది?

ఈ అలవాటు ఎక్కడ మొదలైందంటే, 1857లో పాత పెద్ద రాగి సెంటు ఆపేశారు, చిన్నప్పటి నుంచి చూసిన నాణెం పోతోందనేసరికి జనానికి ఒక్కసారిగా నాణేల పిచ్చి పట్టింది, వేలంపాటలు, క్లబ్బులు, 1858లో న్యూయార్క్‌లో అమెరికన్ న్యుమిస్మాటిక్ సొసైటీ. అప్పటి మింట్ డైరెక్టర్ జేమ్స్ రాస్ స్నోడెన్‌కి జార్జ్ వాషింగ్టన్ మెడల్స్ సేకరించాలని మహా కోరిక, మింట్ మ్యూజియం కోసమే లెండి, సొంతానికి కాదు. ఆ మెడల్స్ కలెక్టర్ల దగ్గరున్నాయి, కలెక్టర్లకేమో పాత అరుదైన నాణేలు కావాలి, మింట్ దగ్గర పాత డైలున్నాయి. ఇంకేముంది, పాత డైలు తీసి మళ్లీ కొట్టి మెడల్స్‌కి మార్చుకున్నారు. 1860 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజున, ఆ మెడల్స్ గది ఘనంగా తెరిచారు కూడా.

1836 తేదీ ఉన్న గోబ్రెక్ట్ డాలర్లు ఇందుకు మంచి ఉదాహరణ. క్రిస్టియన్ గోబ్రెక్ట్ చెక్కిన కూర్చున్న లిబర్టీ, వెనక ఎగిరే గద్ద, అమెరికన్ నాణేల్లో అంత హుందాగా ఉన్నవి తక్కువ. వాటిలో ఏది 1830ల్లో కొట్టింది, ఏది పాతికేళ్ల తర్వాత కొట్టింది అని తేల్చడానికి లెన్స్ పట్టుకుని వెనకవైపు చూడాలి. డై వాడేకొద్దీ పగుళ్లొస్తాయి, ఆ పగులు నాణెం మీద సన్నటి ఉబ్బు గీతలా పడుతుంది. రీస్ట్రైక్స్‌లో, అంటే పాత డైతో తర్వాత మళ్లీ కొట్టినవాటిలో, చాలావాటి మీద యునైటెడ్ స్టేట్స్ అన్న అక్షరాల పైఅంచుల్ని కలుపుతూ వెంట్రుకంత గీత ఒకటి కనపడుతుంది. పగిలిన డై మళ్లీ అతుక్కోదు కదా, కాబట్టి గీత ఉన్నది లేనిదాని తర్వాతే. డై మీద 1836 అని చెక్కి ఉన్నా ఆ గీత నిజం చెప్పేస్తుంది.

ప్యాటర్న్ కాకపోయినా 1804 డాలర్ కథ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ తేదీతో మొదటివి కొట్టిందే 1834 ప్రాంతంలో, సయాం రాజుకీ మస్కట్ సుల్తాన్‌కీ రాయబారంతో పాటు ఇచ్చే కానుకల పెట్టెల కోసం. తర్వాత 1858 ప్రాంతంలో మింట్ ఉద్యోగి ఒకడు, థియోడర్ ఎక్‌ఫెల్ట్ అంటారు, గుట్టుగా ఇంకొన్ని కొట్టి బయట అమ్మాడు. గోల అయ్యి వెనక్కి రప్పించారు, వాటిలో ఒకటి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాన్ని దగ్గర్నుంచి చూస్తే కింద ఇంకో నాణెం ఆనవాళ్లు కనపడతాయి, 1857లో స్విట్జర్లాండ్‌లో బెర్న్ షూటింగ్ పోటీలకి వేసిన వెండి నాణెం అది, దాని మీదే 1804 అని గుద్దేశాడు! 1804 నాణెం కింద 1857 నాణెం. మొదట 1834 ప్రాంతంలో కొట్టినవాటిలో ఒకటి 2021లో 76 లక్షల డాలర్లకి పైగా పలికింది.

స్నోడెన్ తర్వాత వచ్చినవాళ్లు మెడల్స్ కోసం అన్న సాకు కూడా వదిలేశారు. హెన్రీ లిండర్‌మన్ డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో ప్యాటర్న్స్ అనేవి తెలిసినవాళ్లకి తెలిసిన డీలర్ల ద్వారా పోయే సరుకైపోయాయి. 1868లో పెద్ద రాగి సెంటు ఒకటి కొట్టారు, ఆ సైజు ఆపేసి అప్పటికి 11 ఏళ్లు. ఇన్ గాడ్ వి ట్రస్ట్ ఉన్న వెండి డాలర్లు, హాఫ్ డాలర్లు, క్వార్టర్లు 1863, 1864 తేదీలతో దొరుకుతాయి, వెండి నాణేల మీద ఆ మోటో వచ్చిందేమో 1866లో. పరిశోధన చేసినవాళ్లలో ఎక్కువమంది ఇవి తర్వాత పాత తేదీ వేసి కొట్టినవే అంటారు. నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది వీటి మీదే, ఎందుకంటే నేను పైన చెప్పిన చేజ్ ఉత్తరం కథలోకి ఇవి దొంగ సాక్షుల్లా దూరతాయి. కొత్తగా నేర్చుకునేవాడు 1863 తేదీ చూసి వెండి డాలర్ మీద కూడా అప్పుడే ప్రయత్నించారనుకుంటాడు. ఆటంతా 1887లో డైరెక్టర్ జేమ్స్ కింబల్ కట్టడి చేసేదాకా నడిచింది.

మరి ఇవన్నీ కలిసిపోయి మన దాకా ఎలా వచ్చాయి? దానికి విలియం వుడిన్ కారణం. 1877లో యాభై డాలర్ల బంగారు ప్యాటర్న్స్ రెండు కొట్టారు, హాఫ్ యూనియన్ అంటారు, లిబర్టీ తల ఒకదాని మీద పెద్దది, ఒకదాని మీద చిన్నది. 1909లో ఈ రెండూ ఫిలడెల్ఫియా డీలర్ల దగ్గర బయటపడితే వుడిన్ ఒక్కోటీ పదివేల డాలర్లకి కొన్నాడు, ఆ రోజుల్లో అది ఇల్లు కాదు, వీధి కొనే డబ్బు. పేపర్లలో వచ్చేసరికి ప్రభుత్వం ఉలిక్కిపడింది, జాతి సొత్తు బయటికెలా పోయిందని. బేరాలు నడిచి చివరికి వుడిన్ రెండూ ఇచ్చేశాడు, బదులుగా మింట్ అటకల్లో పడున్న ప్యాటర్న్స్ పెట్టెలకి పెట్టెలు ఆయనకిచ్చారు. వాటి ఆధారంగానే వుడిన్ ఎడ్గర్ ఆడమ్స్‌తో కలిసి 1913లో మొదటి పెద్ద క్యాటలాగ్ వేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే వుడిన్ రూజ్వెల్ట్ దగ్గర ట్రెజరీ సెక్రటరీ, 1933లో జనం దగ్గర బంగారం వెనక్కి తీసుకున్న ఆర్డర్‌లో కలెక్టర్లకి విలువైన అరుదైన నాణేలకి మినహాయింపు ఉందంటే ఆశ్చర్యమేముంది. ఆ పెట్టెల్లో నిజమైన ప్రయోగాలూ ఉన్నాయి, అమ్మకం సరుకూ ఉంది, రెండూ ఒకేసారి మార్కెట్లోకొచ్చాయి. తర్వాత 1959లో ఒమాహా డాక్టరు హ్యూయిట్ జడ్ పుస్తకం వచ్చింది, ఇప్పటికీ అందరం జడ్ నంబర్లే వాడతాం, నేనూ వాడతాను, గొప్ప పని అది. కానీ లోహం మారితే ఒక నంబరు, అంచు మారితే ఒక నంబరు అనేసరికి చేజ్ దిద్దిన నాణేనికీ అల్యూమినియం షోకుకీ ఒకే హోదా వచ్చింది. నంబరు ఉందంటే దాన్ని నింపాలనే ఆరాటం కలెక్టర్‌కి సహజం.

నా మాటకి ఎదురు చెప్పేవాళ్లు అడిగేది ఇదే: రీస్ట్రైక్ అయితే మాత్రం ఏంటి, మింట్ డై, మింట్ ప్రెస్సు, మింట్ మనుషులు, దొంగ నాణెం కాదుగా? కాదు, ఒప్పుకుంటాను. అవి కూడా చరిత్రే, మింట్ లోపల ఏం జరిగేదో చెప్పే సాక్ష్యం. ఆ ఉద్దేశంతో ఒకటి దగ్గర పెట్టుకుంటే తప్పులేదు. స్నోడెన్ బేరాల వల్లే ఇవాళ స్మిత్సోనియన్‌లో ఆ వాషింగ్టన్ మెడల్స్ ఉన్నాయి. నేను కాదనేది ఒక్కటే, ఐదారుగురు పెద్దమనుషులు కావాలని కొద్దిగా కొట్టి ఆపేసినదానికి, అది అరుదు కాబట్టి, అసలు ప్రయోగం కన్నా ఎక్కువ వెల కట్టడం.

దీనికి గట్టి పరీక్ష స్టెల్లా. నాలుగు డాలర్ల బంగారు నాణెం, ఆస్ట్రియా-హంగరీలో అమెరికా రాయబారిగా ఉన్న జాన్ కాసన్ ఆలోచన. యూరప్‌లో ఇరవై ఫ్రాంకులు, ఎనిమిది ఫ్లోరిన్లు దాదాపు సమానంగా నడుస్తున్నాయి, మనకీ వాటికి దగ్గరగా ఒకటి ఉంటే ప్రయాణికులకీ వ్యాపారులకీ మారకం గొడవ తగ్గుతుంది అని. 1879లో ఛార్లెస్ బార్బర్ డిజైన్‌తో జుట్టు విరబోసుకున్న లిబర్టీని కొన్ని కొట్టి కాంగ్రెస్ కమిటీకి చూపించారు. ఆరు గ్రాముల బంగారం, పాయింట్ మూడు వెండి, పాయింట్ ఏడు రాగి అని లోహం లెక్క నాణెం మీదే చుట్టూ రాసుంటుంది. లెక్క వేస్తే అది నాలుగు డాలర్లకి కొంచెం తక్కువ, ఇరవై ఫ్రాంకుల కన్నా ఎక్కువ, ఎటూ సరిపోదు, అందుకే ముందుకు సాగలేదు. సాగకపోయినా నిజమైన ప్రశ్న, నిజమైన జవాబు. కాంగ్రెస్ సభ్యులు మాకూ కావాలంటే ఇంకో నాలుగొందల దాకా కొట్టారు. ఒక ఆక్షన్‌కి ముందు నాణేలు చూపించేచోట ఒకటి చేత్తో పట్టుకుని చూశాను, జుట్టు మధ్యలో సమాంతరంగా సన్నటి గీతలున్నాయి, బంగారం రేకుని రోలర్లలో సాగదీసినప్పుడు పడ్డవి, ప్రెస్సు ఒత్తిడికి కూడా పోలేదు, దాదాపు అన్ని స్టెల్లాల మీదా ఉంటాయి. అంచు మీద ఒకచోట కొక్కెం ఊడదీసిన మచ్చ, ఎవరో మెడలో వేసుకున్నారు.

ఇవి కాక, జార్జ్ మోర్గన్ డిజైన్‌తో జడ చుట్టుకున్న లిబర్టీ స్టెల్లాలు, 1880 తేదీతో రెండు రకాలూ ఇంకొన్ని ఉన్నాయి. కమిటీకి వాటిని చూపించిందీ లేదు, బయటివాళ్లకి చెప్పిందీ లేదు, లోపలివాళ్లు తమవాళ్ల కోసం కొట్టుకున్నవి. 1880 జడ రకం ఒకటి 2013లో 25 లక్షల డాలర్లు దాటింది. 1879 విరబోసిన జుట్టుది అందులో చిన్న ముక్క రేటుకి వస్తుంది. కొనే స్తోమత నాకు రెండిటికీ లేదు, కానీ ఎవరైనా రెండూ బల్ల మీద పెట్టి ఒకటి తీసుకోమంటే నేను 1879దే తీసుకుంటాను, క్షణం ఆలోచించను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది, ముందు ఏ ప్రశ్న మీకు ఇష్టమో చూసుకోండి. చిల్లు నాణేల మీద ఇష్టముంటే 1850 నాటి రింగ్ సెంట్లున్నాయి, రాగి ధర పెరిగి పెద్ద సెంటు గిట్టుబాటు కాక, కాస్త వెండి కలిపి చిన్నది చేద్దామనుకుని, మరీ చిన్నదైపోతుందని మధ్యలో చిల్లు పెట్టారు. ప్రెస్సులోంచి ఊడిరాక, వెండి మళ్లీ విడదీయడం ఖర్చై మానేశారు. మన తాతల చేతుల్లో తిరిగిన 1943 నాటి చిల్లు కాణీ కూడా లోహం పొదుపు కోసమే కదా, అమెరికావాళ్లు తొంభై ఏళ్ల ముందు అనుకుని వదిలేసినది మన దగ్గర యుద్ధకాలంలో నడిచింది. చైనా వర్తకం ఇష్టమైతే 1873 ట్రేడ్ డాలర్ ప్యాటర్న్స్ చూడండి, మెక్సికన్ వెండితో పోటీ పడాలని 420 గ్రెయిన్స్ అని బరువు నాణెం మీదే వేశారు. డీలర్‌ని రారిటీ అడిగే ముందు, ఇది ఏ లోహంలో ఉంది, ఇదే లోహంలో చలామణికి అనుకున్నారా, ఆ ఏడాదే కొట్టారా అని అడగండి. జవాబు తెలియని డీలర్ ఎక్కువ రేటు చెప్తే లేచి వచ్చేయండి.

నేను ప్రస్తుతం ఎదురుచూస్తున్నది 1874 నాటి పది డాలర్ల ప్యాటర్న్, డానా బిక్‌ఫర్డ్ అనే వ్యాపారి ఆలోచన. వెనకవైపు బొమ్మ ఏమీ ఉండదు, అంతా లెక్కే: డాలర్లు 10, స్టెర్లింగ్ 2 పౌండ్ల 1 షిల్లింగ్ 1 పెన్నీ, మార్కులు 41.99, క్రోనెన్ 37.31, గుల్డెన్ 20.73, ఫ్రాంకులు 51.81. ఎక్కడికెళ్లినా ఈ ఒక్క నాణెం చూపిస్తే చాలు అనుకున్నాడాయన, మారకం రేట్లు అలా కదలకుండా ఉండిపోతాయని నమ్మాడు. బంగారంలోది నాకు అందదు, రాగిలోది అప్పుడప్పుడు వేలానికి వస్తుంది. అది అమ్మకానికి కొట్టిన రాగి ముక్కే కదా, నీ సూత్రం ఏమైందని అడుగుతారేమో. బిక్‌ఫర్డ్ వేసిన ప్రశ్న ఇంకే నాణెం మీదా రాసి లేదు, అసలు బంగారంది మ్యూజియం స్థాయిలో ఉంది, కాబట్టి రాగిలోది తీసుకుంటాను, కానీ రాగి నాణేనికి ఇవ్వాల్సిన ధరే ఇస్తాను, ఆర్-7 అని పైన ఒక్క డాలరు కూడా వెయ్యను.